తోడుబిళ్ల

ఒకరు ఉపవాసం ఉంటే ఇంకొకరికి మేలు ఎలా జరుగుతుందన్న అనుమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అట్లతద్దికి మా అమ్మమ్మ నన్ను పగలంతా పస్తు ఉంచేది. రాబోయే మొగుడికి ఆయుష్షట. ఎక్కడున్నాడో, ఎవరో కూడా తెలియని మనిషికి నా కడుపులో మంట ఏ దారిన చేరుతుందే అని అడిగితే, చేరుతుందంతే, దారి దేవుడికి తెలుసు, నీకెందుకు అనేది. పెళ్లయ్యాక శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు అన్నీ ఉన్నాను. దణ్ణం పెట్టుకున్న ప్రతిసారీ ఆ అనుమానం కూడా వచ్చి నా పక్కనే నిలబడేది. దేవుణ్ణి శంకించడం కాదు, దారి తెలుసుకోవాలని అంతే.

ఆ దారిని తెచ్చి నా ఒంట్లోనే వేస్తారని మాత్రం అనుకోలేదు.

మాది రామచంద్రపురం. మా ఆయన భీమశంకరం గారు సన్నాయి వాయిస్తారు. డోలు మా తమ్ముడు అప్పన్న. మా పెళ్లయిన కొత్తలోనే ఆయనకు షుగరు వచ్చింది. మాత్రలకు లొంగలేదు. అప్పటి నుంచీ ఇన్సులిన్ సూదే. సూది వేసుకున్న కాసేపట్లో తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. పడిపోయే ముందు ఒళ్లే కబురు చెబుతుంది. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఎక్కడలేని ఆకలి వేస్తుంది. ఆ కబురు అందగానే కాస్త బెల్లం నోట్లో వేసుకుంటే గండం గడుస్తుంది.

మేళం వాళ్లకు ఒక పద్ధతి ఉంది. పెళ్లిలో ఎన్ని బంతులు లేచినా వాళ్లది ఆఖరి బంతి. ఆకులు వేస్తున్నారు రమ్మని పిలుపు రాగానే ఆయన పందిరి వెనక్కి వెళ్లి సూది వేసుకునేవారు. ఇంతలో ఎవరో పరిగెత్తుకొచ్చి, మగపెళ్లివారు దిగారు, ఎదుర్కోలుకు మేళం కావాలనేవారు. సూదేమో ఒంట్లోకి వెళ్లిపోయింది, ఆకులో ఇంకా ఏమీ పడలేదు. అయినా సన్నాయి అందుకోవలసిందే. వాయిద్యం ఆపి తిండి దగ్గర కూర్చోవడం ఆయన వంశంలో లేదు. అలా ఎన్ని పెళ్లిళ్లలో చక్కెర పడిపోయిందో లెక్కలేదు. ఒళ్లు కబురు చెప్పి చెప్పి విసిగిపోయింది. చివరికి చెప్పడమే మానేసింది. చెమటా లేదు, వణుకూ లేదు. బాగానే ఉన్నానంటూనే మాట ముద్దగా వచ్చేది, చూపు ఎటో పోయేది.

ద్రాక్షారామంలో నరసాంబ గారి పెద్ద మనవరాలి పెళ్లిలో ఊరంతా చూస్తుండగా అదే జరిగింది. జీలకర్ర బెల్లం ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం లేవాలి. అప్పటిదాకా కల్యాణి రాగాన్ని పూలదండలా అల్లిన మనిషి, రాగం వదిలేసి ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నారు. అప్పన్న కనిపెట్టి బెల్లం ముక్క ఇవ్వబోతే చెయ్యి తోసేశారు. ముక్క ఎగిరి జనం కాళ్ల మధ్య పడింది. అప్పుడు పెళ్లికూతురి నాయనమ్మ నరసాంబ గారు, పళ్లెంలో తమలపాకు మీద సిద్ధంగా ఉన్న జీలకర్ర బెల్లంలోంచి పెద్ద ముద్ద తీసి, పసిపిల్లాడికి తినిపించినట్టు ఆయన నోటికి అందించారు. నెమ్మదిగా నమిలి మింగు నాయనా అన్నారు. పెద్దావిడ మాట కదా, కాదనలేక మింగారు. మగపెళ్లివారు గొణిగారు. ముహూర్తం దాటిపోతుందని, మిగిలిన కాస్త ముద్దనే వధూవరుల తలల మీద పెట్టించారు. డోలు ఒక్కటే మోగింది. సన్నాయి లేదు.

తేరుకున్నాక ఆయన తల ఎత్తలేదు. నరసాంబ గారు ఆయన సిగ్గు పోగొట్టడానికే నవ్వుతూ అన్నారు.

"మా పిల్ల ముద్ద తినేశావు, గట్టిమేళం ఎగ్గొట్టావు. రెండూ నాకు బాకీయేనయ్యా, గుర్తెట్టుకో."

ఆవిడ పరిహాసానికి అన్నారు. ఆయన పరిహాసంగా తీసుకోలేదు. ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ ముహూర్తానికి ఊదలేదు. ఊరేగింపులకు మాత్రం వెళ్లేవారు. కొన్నాళ్లకు అదీ తగ్గి, సన్నాయి బట్టలో చుట్టుకుని బీరువా మీదికి చేరింది. సన్నాయి వినపడని ఇంట్లో ఆయన మెల్లమెల్లగా మాటలు కూడా తగ్గించేశారు.

చేతికి అంటించుకునే మీటరు కొన్నాం. చక్కెర తగ్గితే ఫోను కూస్తుంది. డోలు పక్కన ఫోను కూత ఎవరికి వినపడుతుంది? ఇంట్లో వినపడ్డా కుక్కరు కూతలా అలవాటైపోయింది. బాగున్న మనిషికి ఇదేం చెబుతుందని ఆయనే నొక్కి ఆపేసేవారు.

కాకినాడలో ఒక పరిశోధన కేంద్రం ఉందని, అక్కడ డాక్టర్ ఇందుమతి గారు ఇలాంటి వాళ్ల కోసం కొత్త పరికరం చేస్తున్నారని మా అమ్మాయి హైమ కాలేజీలో విని వచ్చి చెప్పింది. వెళ్లాం. డాక్టరు గారు చిన్న మనిషి, మెత్తని మాట.

"ఫోను మోగితే మనిషి ఆపేస్తాడమ్మా. ఒళ్లు మోగితే ఆపలేడు. ఆయన ఒళ్లు మోగడం మానేసింది కాబట్టి, మీ ఒంట్లో మోగిద్దాం" అన్నారు.

రెండు బిళ్లలు పెట్టారు. మినపగింజంత ఉంటాయి. ఒకటి ఆయన జబ్బ చర్మం కింద, చక్కెర కనిపెట్టడానికి. రెండోది నా చెవి వెనక, నరం దగ్గర, ఆ కబురు ఫోన్ల మీదుగా అందుకోవడానికి. వాటిని వాళ్లు జంట పరికరం అనేవారు. మా ఇంట్లో తోడుబిళ్ల అని పేరు పడిపోయింది.

పరీక్ష చేసిన రోజు ఆయన్ని గాజు తలుపు అవతల మంచం మీద పడుకోబెట్టి, డాక్టర్లు పక్కనే ఉండి సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించి చక్కెర మెల్లగా దించారు. నన్ను ఇవతల కుర్చీలో కూర్చోబెట్టారు. నేను విష్ణు సహస్రనామం చదువుకుంటున్నాను. ఒక నామం దగ్గర పెదవులు తడబడ్డాయి. మెడ వెనక చెమట పట్టింది. వేళ్లు వణికి పుస్తకం ఒళ్లో పడింది. గుండె పరుగు అందుకుంది. ఆ వెంటనే ఆకలి. ఏ ఏకాదశి నాడూ ఎరగని ఆకలి. బల్ల మీది పూలు కూడా నమిలేద్దామనిపించింది. గాజు అవతల ఆయన నర్సుతో ఏదో చెప్పి నవ్వుతున్నారు, బాగానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపుతున్నారు.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. అమ్మమ్మ చెప్పని దారి దొరికింది.

మొదటి కొన్ని నెలలు మా ఇంటికి పండుగ. సన్నాయి బీరువా దిగింది. ఆయన ఏ ఊళ్లో ఊదుతున్నా నేను ఇంట్లో గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ ఉండేదాన్ని. వణుకు మొదలవగానే అప్పన్నకు ఫోను చేసేదాన్ని. వాడు బెల్లం ముక్క అందిస్తూ, ఇది అక్క ఆర్డరు, కాదంటే ఇంటికెళ్లాక నీ సంగతి నువ్వే చూసుకో బావా అనేవాడట. ఆయన మారు మాట్లాడకుండా తినేవారు. ఒక భార్య ఇంతకన్నా ఏం చెయ్యగలదని నేను మురిసిపోయాను.

అయితే డాక్టరు గారు మొదటే ఒక నియమం పెట్టారు. నేను పస్తు ఉండకూడదు. నా ఆకలి, ఆయన ఆకలి కలిసిపోతే ఏది ఎవరిదో తెలియదు. అందుకని గడియారం చూసుకుని తినడం మొదలుపెట్టాను. ఏకాదశి నాడు తులసికోట ముందు కూర్చుని ఇడ్లీ తిన్నాను. కన్నీళ్లతో పాటు మింగాను. ఆయన కోసమే కదా, ఇదీ ఒక వ్రతమే అనుకున్నాను.

ఆకలితోనే అయిపోలేదు. ఒళ్లు వణికేది ఒక్క చక్కెరకే కాదని నాకప్పటిదాకా తట్టలేదు. హైమ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు గుండె దడదడలాడితే, సంతోషించే ముందు ఫోను అందుకున్నాను. ఎదురింటివాళ్ల కుక్క మీదికి వస్తే చెమట పట్టింది, అప్పుడూ ఫోనే. అటువంటి ఒక రోజు అనవసరంగా తినిపించిన బెల్లానికి ఆయన చక్కెర ఆకాశానికి ఎక్కి రెండు రోజులు మంచం దిగలేదు. గుళ్లో హారతి వేళ ఒళ్లు పులకరించి కళ్లు చెమర్చేవి నాకు. చిన్నప్పటి నుంచీ దేవుడు నాకిచ్చిన భాగ్యం అదొక్కటే. ఇప్పుడు ఆ పులకరింత రాగానే హారతి వదిలేసి గుడి బయటికి పరిగెత్తి ఫోను చెయ్యాలి. కొన్నాళ్లకు గుడికి వెళ్లడం తగ్గించాను. తర్వాత సినిమాలు, పేరంటాలు, పక్కింటి కబుర్లు కూడా మానేశాను. నవ్వినా ఏడ్చినా ఆయన ప్రాణానికి అడ్డం. చప్పుడు చెయ్యకుండా నా ఒంట్లో నేనే కాపలా కూర్చున్నాను. తలుపులన్నీ తెరిచే ఉన్నా బయటికి వెళ్లలేని ఇల్లు అది.

ఆయన మాత్రం హాయిగా ఉన్నారు. మీటరులో అంకెలు అందంగా ఉన్నాయని కాకినాడలో ఎవరో మెచ్చుకున్నారు. దాంతో సూది కాస్త పెంచి, భోజనం కాస్త ఆలస్యం చేసి ఆ అంకెలను ఇంకా అందంగా చేసుకున్నారు. సూది వేసుకుని తినకుండా కబుర్లలో కూర్చుంటారేమండీ అంటే, నీకు తెలుస్తుంది కదా అనేవారు.

ఒకరోజు భోజనాల దగ్గర అప్పన్న ఊరుకోలేక అనేశాడు.

"పొలం కౌలుకిచ్చినట్టు నీ ఆకలి అక్కకి కౌలుకిచ్చేశావు బావా. దున్నేది ఆవిడా, గట్టు మీద గొడుగేసుక్కూర్చునేది నువ్వూనా?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే గుండె కొట్టుకుంటుందేమోనని మధ్యలోనే ఆపుకున్నాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం నేను వరండాలో కనకాంబరాలు మాల కడుతున్నాను. ఒళ్లు చల్లగా, చెరువులో నీళ్లలా నిశ్చలంగా ఉంది. ఎన్నాళ్లకు ఇంత శాంతి ఇచ్చావు స్వామీ అనుకున్నాను. అప్పుడే అప్పన్న ఫోను. పెళ్లివారింటి నుంచి బయటికి వెళ్లిన బావ కాలవ రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడట. పేరు పెట్టి పిలిస్తే ఎవరన్నట్టు చూస్తున్నాడట. ఇంకో రెండు మెట్లు దిగితే నీళ్లే. బెల్లం పెట్టాను, తేరుకుంటున్నాడు అన్నాడు. ఆఖర్న గొంతు తగ్గించి అడిగాడు.

"నీకు తెలీలేదా అక్కా?"

తెలియలేదు. నా చేతిలో మాల ఒక్క పువ్వు కూడా చెదరలేదు.

మళ్లీ కాకినాడ వెళ్లాం. మళ్లీ అదే గాజు తలుపు, అదే కుర్చీ. ఆయన చక్కెర దించారు. సహస్రనామం మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాను. నుదురు పొడిగా ఉంది. డాక్టరు గారు తెర మీది గీతలు మళ్లీ మళ్లీ చూసుకున్నారు. బిళ్ల బాగానే పనిచేస్తోందట. కబురు నా నరం దాకా వస్తూనే ఉందట. నా ఒళ్లే వినడం మానేసిందట. మాటిమాటికీ మోగే గంటను ఏ ఒళ్లయినా కొన్నాళ్లకు పట్టించుకోదు, ఆయనకు జరిగిందే మీకూ జరిగింది, ఇది మేం ఊహించి ఉండాల్సింది అన్నారు.

"మీకు ఆకలేసి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగారు.

ఆలోచించాను. జ్ఞాపకం రాలేదు. గడియారం చూసి తింటున్నాను కదా. ఆయన ఆకలి మోస్తూ మోస్తూ నాది ఎక్కడ పారేసుకున్నానో తెలియలేదు. ఇక ఉపవాసం ఉన్నా దేవుడికి నేనేం ఇస్తున్నట్టు? ఆకలే లేనిదాని పస్తు ఏ లెక్కలోకి వస్తుంది?

డాక్టరు గారు చెడ్డ మనిషి కాదు. ఇలాంటి రోగులు ఎందరో ఉన్నారని, ఈ పరికరం నిలబడితే వాళ్లంతా బతుకుతారని ఆవిడ తపన. అందుకే మెల్లగా ఒక దారి చెప్పారు. అలవాటు పడని ఒళ్లు కావాలి. వయసులో ఉన్నవాళ్లయితే మంచిది. దగ్గరివాళ్లయితే మరీ మంచిది. ఆవిడ మాట ముగియకముందే నా పక్కనున్న హైమ చెవి వెనక జుట్టు తప్పించింది.

"నాకు పెట్టండి మేడం. అమ్మ పడింది చాలు."

నేను ఆయన వైపు చూశాను. వద్దంటారని చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. కొన్నాళ్లే కదా వేణీ అన్నారు, నేలకే చెబుతున్నట్టు.

పెళ్లయిన నాటి నుంచీ ఆయన మాటకు ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆరోజు కూడా గొంతు పెంచలేదు.

"నా తర్వాత హైమ. హైమ తర్వాత దాని కడుపున పుట్టినవాళ్లు. ఈ ఇంట్లో ఎవరి ఆకలి వాళ్లకు మిగలదా అండీ? మీ ఆకలి మీరే పడాలి."

ఆయన ఒళ్లు మళ్లీ మాట్లాడే మార్గమే లేదా అని డాక్టరు గారిని అడిగాను. ఉందన్నారు. కొత్తదేం కాదు. కొన్ని వారాల పాటు చక్కెర ఒక్కసారి కూడా పడిపోకుండా చూసుకోవాలి. తమ లెక్క ప్రకారం సూది కాస్త తగ్గించి, అంకెలు కాస్త ఎక్కువగా ఉన్నా ఓర్చుకోవాలి. సూదికీ తిండికీ మధ్య ఎవరు పిలిచినా లేవకూడదు. విసిగిపోయి నోరు మూసుకున్న మనిషిని కొన్నాళ్లు ఇబ్బంది పెట్టకుండా వదిలేస్తే మళ్లీ పలకరిస్తాడు, ఇదీ అంతే, అందరికీ తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేను అన్నారు. మొదట్లోనే చెప్పాం, ఆయన తలూపారు కూడా అన్నారు.

నేను ఆయన్ని చూశాను.

"మేళగాడు పెళ్లివారికన్నా ముందు ఆకేసుక్కూర్చుంటే నలుగురూ ఏమంటారే?" అన్నారు ఆయన.

ఇన్నాళ్లూ మా ఇద్దరి ఒళ్లూ మోసినది ఆ నలుగురి మాటనే అన్న సంగతి నాకప్పుడు తెలిసింది.

బిళ్లలు తీయించేశాం. డాక్టరు గారు బాధపడ్డారు, అయినా తన చేత్తోనే తీశారు. చెవి వెనక చిన్న మచ్చ మిగిలింది.

తర్వాతి వారాలు సుఖంగా గడిచాయని చెప్పను. మీటరు కూత ముందే వినపడేలా మార్చుకుని, ఆయన వేళకు తినడం నేర్చుకున్నారు. అందమైన అంకెలు పోయాయని దిగులుపడేవారు. నాకు వేరే భయం. ఇదివరకు తెలియడం నరకం, ఇప్పుడు తెలియకపోవడం నరకం. ఆయన పెరట్లోకి వెళ్లి మాట వినపడకపోతే చేస్తున్న పని వదిలి వెళ్లి చూసేదాన్ని. చూస్తే జామచెట్టుకు నీళ్లు పోస్తూ ఉండేవారు.

అటువంటి రోజుల్లో నరసాంబ గారి నుంచి కబురొచ్చింది. చిన్న మనవరాలి పెళ్లి. మేళం భీమశంకరానిదే, గట్టిమేళం కూడా అతనే ఊదాలి అని. ఆయన వద్దంటూనే సన్నాయి దించి, నోట పెట్టి ఊదే పీక సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

పెళ్లినాడు తెల్లవారకముందే లేచి స్నానం చేసి, మా ఇంటి రోట్లో జీలకర్ర, కొత్తబెల్లం కలిపి మెత్తగా నూరాను. ముద్ద చేసి తమలపాకులో చుట్టి కొంగున కట్టుకున్నాను. ఆ హడావిడిలో నేను ఏమీ తినలేదు. తినలేదన్న సంగతి కూడా గుర్తులేదు.

ద్రాక్షారామం చేరగానే ఆయన నరసాంబ గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆవిడ బాగా ముసలివారయ్యారు, చేతికర్ర వచ్చింది. కండువా కొస వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నసిగారు.

"అమ్మా, నేను ముందు తినాలండి" అన్నారు చివరికి.

"దానికింత నసుగుడెందుకయ్యా. కూర్చో."

మొదటి ఆకు ఆయనకే వేయించారు. సూది వేసుకుని, వెంటనే తిన్నారు. పెళ్లికొడుకు మేనమామ ఒకాయన అది చూసి, మగపెళ్లివారికన్నా సన్నాయోళ్లకి ముందా అండి, ఎక్కడా చూళ్లేదు అన్నాడు. నరసాంబ గారు కర్ర మీద ఆనుకుని ఆయనకేసి చూశారు.

"వాళ్లు ఊదాలి, మీరు వినాలి. వినడానికి కడుపు నిండక్కర్లేదు బాబూ."

మా ఆయన ఊదడం మొదలుపెట్టారు. కల్యాణి రాగమే. జనం మాటలు ఆపి విన్నారు. కానీ ముహూర్తం ముందు వ్యవహారం సాగింది. కెమెరావాళ్లు పెళ్లికొడుకును మండపం మెట్లు ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించారు. ఊదడం అంటే చిన్న శ్రమ కాదు, తిన్నది కరిగిపోతూ ఉంటుంది. నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆయన్నే చూస్తున్నాను. నా ఒంట్లో ఏ కబురూ లేదు. వస్తుందని ఎదురుచూడటానికి కూడా ఏమీ లేదు. స్వరం ఎక్కడైనా ఆగిపోతుందేమోనని చెవులు రిక్కించి, భీమేశ్వరుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను.

స్వరం ఆగిపోయింది.

ఆయనే ఆపారు. సన్నాయి ఒళ్లో పెట్టుకుని నుదురు తుడుచుకుని, తడిసిన అరచేతిని చూసుకున్నారు. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. తల ఎత్తి అంతమంది ఆడవాళ్లలో నన్ను వెతుక్కున్నారు. ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయిన స్నేహితుడు గుమ్మంలో కనపడితే చూసినట్టు ఉంది ఆయన మొహం.

"వణుకుతోందే, వేణీ" అన్నారు.

నేను లేవలేదు. లేవబోయి మళ్లీ కూర్చున్నాను. ఆయనే జేబులోంచి బెల్లం తీసుకుని, నలుగురూ చూస్తుండగా నమిలి తిన్నారు. అప్పన్న డోలు మీద సన్నగా దరువు నడిపిస్తూ ఆయనకు వ్యవధి ఇచ్చాడు. మీటరు కూడా అప్పుడే కూసింది. ఈసారి అదే ఆలస్యంగా వచ్చిందిరా అని అప్పన్నతో అన్నారట ఆయన.

సరిగ్గా అప్పుడే నా కడుపులో మంట మొదలైంది. అలవాటుగా చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. అక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు. వంటశాల వైపు నుంచి పులిహోర తాలింపు వాసన వస్తోంది. అది నా ఆకలే. అమ్మమ్మ అన్న దారి ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఉంటే దేవుడు వేసినదే అయి ఉంటుంది. మనం గొట్టాలు వేసి తవ్వాల్సింది కాదేమో.

పురోహితుడు జీలకర్ర బెల్లం తెమ్మన్నాడు. నరసాంబ గారు పళ్లెం పట్టుకుని వస్తుంటే ఎదురెళ్లి నా కొంగు ముడి విప్పాను. తమలపాకులోని ముద్దను రెండు చేతులా పళ్లెంలో పెట్టాను. ఆవిడ ముద్ద వైపు చూశారు, నా వైపు చూశారు. తమ ముద్ద తీసి పక్కనున్న ఆకులో పెట్టేసి, మాది మధ్యకు జరిపారు.

పురోహితుడి చెయ్యి లేచింది. పిల్లలిద్దరూ ఆ ముద్దను ఒకరి తల మీద ఒకరు పెట్టారు. డోలు మీదుగా సన్నాయి ఒక్కసారిగా పందిరంతా నిండింది.

నరసాంబ గారు అదయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత పళ్లెం అంచుకు అంటిన కాస్త బెల్లం వేలితో తీసి నాలిక మీద వేసుకుని, "ముట్టిందమ్మా, రెండూ ముట్టాయి" అన్నారు.